మిమోజా జోళ్ళు

రండి, రండి, దగ్గరికి జరగండి. బెంచీ చాలకపోతే అవిగో ఖాళీ చేపల పెట్టెలు, బోర్లించుకుని కూర్చోండి. ఓయ్ పొట్టాయనా, నీ కబుర్లు మీ ఆవిడ రోజూ వింటూనే ఉంది, ఈ ఒక్క పూట మా చెవులకి సెలవియ్యవయ్యా. గ్లాసులు కింద పెట్టండి. పెట్టారా? మంచిది. నవ్వొస్తే నవ్వండి, భయమేస్తే పక్కవాడి చెయ్యి పట్టుకోండి. మాట్లాడితే మాత్రం బయటికే.

వీబ్కె వంటింట్లో నలుగురు మనుషులు తలలెత్తి పైకప్పుకేసి చూస్తున్నారు.

పైన మేడగది. అందులో ఎవరూ లేరు. ఏళ్ళ తరబడి అక్కడ అద్దెకున్న మిమోజా మట్టిలోకి వెళ్ళి రెండో వారం నడుస్తోంది. గదికి తాళం. తాళంచెవి వీబ్కె అత్తగారు కేటెమ్మ నడుముకి వేలాడుతోంది.

అయినా పైన ఎవరో నడుస్తున్నారు.

తప్. తప్. తప్.

జోళ్ళ చప్పుడు కాదది. ఉత్త పాదాలు. తడి నేల మీద పసిపిల్లలు నడిస్తే వస్తుందే, ఆ చప్పుడు.

"విన్నావుట్రా?" కేటెమ్మ కొడుకు ఊవె భుజం మీద ఒక్కటేసింది. "నేను చెబితే ముసలిదానికి మతి పోయిందన్నావు. ఇప్పుడు చెప్పు."

"ఎలకలే అమ్మా," అన్నాడు ఊవె. ఎల్బ నదిలోకి వచ్చే పెద్ద ఓడల్ని రేవుకి లాక్కొచ్చే టగ్గు పడవలో పని అతనిది. మనిషీ ఆ పడవంత ఉంటాడు. అంత మనిషీ కాళ్ళు రెండూ కుర్చీ మీదికి ముడుచుకుని కూర్చున్నాడు.

"ఎలకలా! రెండు కాళ్ళ మీద తిరిగే ఎలకలు మన సాంక్ట్ పౌలి పేటలో బోలెడున్నాయిలే గానీ, అవి ఇలా నడవవు. ఇది నా మేడ మీద అద్దె కట్టి నడిచిన కాలు. నాకు తెలీదూ?"

వీబ్కె కాఫీ పోస్తోంది. కాఫీ కూజాకి ఊవె మేజోడు ఒకటి తొడిగి ఉంది. అది కేటెమ్మ పనే. చచ్చినవాళ్ళు తిరిగే ఇంట్లో మొహం కనబడే వస్తువు తెరిచి ఉంచకూడదట. అద్దాల మీద దుప్పట్లు కప్పింది. చెంచాలన్నీ బోర్లించింది. పక్కింటాయన బట్టతల మీద కూడా గుడ్డ కప్పబోతే ఆయన పారిపోయాడు, ఇప్పటికీ ఇల్లు చేరలేదు.

"తప్పు మాదే," అంది వీబ్కె చివరికి.

"నన్నెందుకు కలుపుతావు? మీది. మీ గుడ్డి పీత ఆడవాళ్ళది. చచ్చిన మనిషి మొహం చూడకుండా జోళ్ళు తొడిగే సంత ఈ భూమ్మీద ఇంకెక్కడైనా ఉందా?"

ఇంకెక్కడా లేదు. గుడ్డి పీతలోనే ఉంది. రేవు వెనక సందులో ఉన్న ఆ క్యాబరేలో, పాట పాటకీ ఒక్కో బట్ట వదిలేస్తూ ఆడే ఆడవాళ్ళకి కొన్ని పద్ధతులున్నాయి. అసలు పేరు అడగకూడదు. వయసు అడగకూడదు. రంగు పూయని మొహం చూడకూడదు. మేకప్ గదిలోకి ఎవరైనా ఉత్త మొహంతో వస్తే, ఆమె రంగేసుకుని "ఊఁ" అనేదాకా మిగతావాళ్ళంతా గోడకేసి తిరిగి నిలబడతారు. ఇక ఆట మానేసే మనిషి ఆఖరి రోజున జోళ్ళు వేదిక మీదే విప్పేసి వెళ్ళాలి. అవి గోడ కొక్కేనికి వేలాడుతూ ఉంటాయి. ఆమె పోయినప్పుడు శవపెట్టెలో ఆమె కాళ్ళకే తొడుగుతారు. తొడగకపోతే మళ్ళీ ఆడటానికి వస్తుందని.

మిమోజా జోళ్ళు పట్టుకుని అందరూ పెద్ద శ్మశానానికి వెళ్ళారు. ఆ పూట అక్కడ రెండు ప్రార్థన మందిరాలు, రెండు పెట్టెలు. ఒక గుమ్మం ముందు పలక మీద ఆల్ముట్ అనే ఆవిడ, డెబ్భై ఒక్కేళ్ళు. రెండో గుమ్మం ముందు ఇంకెవరో, యాభై మూడేళ్ళు. మిమోజా అసలు పేరు ఒక్కరికీ తెలియదు. వయసైతే తనే చెప్పింది కదా, యాభై రెండని. డెబ్భై దాటిన మనిషి పోయిన వసంతం దాకా వేదిక మీద ఆడుతుందా? ఇంకో మాట లేకుండా రెండో గుమ్మంలో దూరారు. పెట్టె మోసేవాడి చేతిలో ఓ సీసా పెట్టి, మూత కాస్త ఎత్తించి, అందరూ మర్యాదగా మొహాలు పక్కకి తిప్పుకుని, కాళ్ళ వైపు నుంచి ఎర్ర జోళ్ళు తొడిగించారు. తర్వాత ఏడ్చారు. ఆ ఏడుపుకి చెట్ల మీది కాకులు లేచిపోయి డెన్మార్క్‌లో వాలాయి.

పెట్టెలో ఉన్నది మిమోజా కాదు. ఏదో పేటలో చర్చిలో ఆర్గన్ వాయించే టీచరమ్మ.

"పాపం ఆ టీచరమ్మ," అంది కేటెమ్మ. "ఇప్పుడు స్వర్గంలో జానెడు మడమల ఎర్ర జోళ్ళతో ఆర్గన్ తొక్కుతూ ఉంటుంది. దేవదూతలు పాట మరిచిపోయి కాళ్ళకేసి చూస్తూ ఉంటారు."

నాలుగో మనిషి ఇంతవరకూ నోరు విప్పలేదు.

ఆయన పేరు హిన్రిక్. ఉత్తరాన సముద్రపు గట్టు పక్కన క్యాబేజీ పండించే రైతు. ఆల్ముట్ అనే మన మిమోజాకి సొంత తమ్ముడు. అక్క కోటు జేబులో దొరికిన తాళంచెవికి రేకు పీత ఒకటి కట్టి ఉంటే, దాన్ని రేవంతా చూపించి అడుగుతూ అడుగుతూ, ఆ శనివారం మధ్యాహ్నానికి ఈ వంటింట్లో తేలాడు. ఒళ్ళో పెద్ద రేకు డబ్బా.

"తీసుకోండమ్మా," అని మూత తీశాడు. "బటర్ కేకు. అక్కని సాగనంపిన రోజున చేయించాను. నలభై మందికి."

"ఎంతమంది వచ్చారు?" అన్నాడు ఊవె.

"పాస్టరు గారు." మూత చేతిలో తిప్పుతూ, "నేను."

పైన కూడా చప్పుడు ఆగింది.

కేటెమ్మే ముందు చెయ్యి చాపింది. ముక్కని కాఫీలో ముంచి, నానబెట్టి, మళ్ళీ ముంచింది. "పళ్ళు రాలేలా ఉంది గానీ, వెన్న మంచిదేసావు నాయనా."

"ఇంత పట్నంలో ఇన్నేళ్ళుండి ఒక్క స్నేహితురాలిని కూడా సంపాదించుకోలేదేమో అనుకున్నాను," అన్నాడు హిన్రిక్. "ఓడల గదులకి పరదాలు కుట్టుకుంటూ బతికిన మనిషి కదా, ఎవరితో..."

"పరదాలు కుట్టిందా!" కేటెమ్మకి కేకు గొంతుకి అడ్డం పడింది. "నాయనా, ఆవిడ ఒంటి మీద పరదా నిలిచిందే లేదు!"

"అత్తా!"

"ఏం, అబద్ధమా?"

హిన్రిక్ వీబ్కె కేసి చూశాడు. ఆ చూపులో కోపం లేదు. క్యాబేజీ మడిలో వర్షం ఎప్పుడొస్తుందని మబ్బుకేసి చూసే చూపు అది. వీబ్కెకి తప్పలేదు.

"మాతో ఆడేదండీ. గుడ్డి పీతలో. అందరికంటే బాగా. ఆవిడ కాలు విసిరితే నదిలో ఓడలు కూత వేసేవి. నాకు ఆట నేర్పింది ఆవిడే. మేం వచ్చాం. ఏడ్చాం కూడా. గుమ్మం తప్పాం, అంతే."

"ఎప్పటిదాకా ఆడింది?"

"పోయిన వసంతం దాకా."

ఆయన పెదాలు కదిలాయి. "డెబ్భై ఏళ్ళ దాకానా? మాకు మోకాళ్ళ నొప్పులని చెప్పేది. అందుకే క్రిస్మస్‌కి రాలేనని."

ఎవరూ నవ్వలేదు. ఊవె మాత్రం ఏదో ఆలోచనలో పడ్డాడు. అతను ఆలోచిస్తే గదిలో గాలి తగ్గిపోతుంది.

"వీబ్కె."

"ఊఁ."

"డెబ్భైని యాభై చేసింది కదా ఆవిడ."

"చేసింది."

"మరి నువ్వు నాకు ముప్ఫై ఎనిమిది అన్నావు."

వీబ్కె కాఫీ కూజా కింద పెట్టింది. మేజోడు సరిచేసింది. రిజిస్ట్రారు ముందు నిలబడి వయసు రాయించని కాపురం వాళ్ళది. పుట్టినరోజంటే గుడ్డి పీతలో లాగే కొవ్వొత్తి లేని కేకు.

"నలభై ఆరు," అంది.

బయట నది మీద ఏదో ఓడ కూసింది. కూసి కూసి ఆగింది.

"నాకు నలభై ఒకటి," అన్నాడు ఊవె.

"తెలుసు."

"కలిసిన మొదటి రోజు ఏమన్నావు? 'మీరు పెద్దవాళ్ళు, నాలుగూ చూసినవాళ్ళు' అన్నావు."

"అన్నాను. నీకు నచ్చింది."

"నచ్చకేం! రేవులో అందరికీ చెప్పుకున్నాను!"

"నాకైతే ఆ రోజే తెలుసు," అంది కేటెమ్మ రెండో ముక్క ముంచుకుంటూ. "మెట్లెక్కుతుంటే మోకాలు కీచుమంది. అద్దం అబద్ధమాడుతుందేమో గానీ మోకాలు ఆడదు."

"నీకు తెలిసీ నాకు చెప్పలేదా?"

"నువ్వు అడిగావా? తన పెళ్ళాం మోకాలు తను వినని మగాడికి అమ్మ చెప్పాలా?"

ఊవె లేచాడు. గదిలో తిరగడానికి చోటు లేక మళ్ళీ కూర్చున్నాడు. "సరే. ఇప్పుడు తెలిసిందిగా. మానెయ్యి. యోర్న్ రేపటి ఆటే ఆఖరన్నాడు కదా, బతిమాలకు. ఆటకొచ్చినవాళ్ళ కోట్లు తీసుకుని తగిలించే కిటికీ దగ్గర పని ఇస్తానన్నాడు. వెచ్చగా ఉంటుంది. కూర్చుని చేసుకోవచ్చు."

అదీ అసలు సంగతి. గుడ్డి పీతని ఇప్పుడు నడిపే యోర్న్ సోమవారం పొద్దున్నే వచ్చి నవ్వుతూ చెప్పి వెళ్ళాడు: ఆదివారం ఆట కాగానే జోళ్ళు వేదిక మీద వదిలెయ్యి జోరా, నీ వంతు కొత్తపిల్లకి ఇస్తున్నాను. జోరా అంటే వీబ్కెకి వేదిక మీది పేరు. ఆమె అవునూ అనలేదు, కాదూ అనలేదు. ఆ వంతు తప్ప తనదని చెప్పుకోడానికి ఆమెకి ఇంకేం లేదు.

"కోట్లు," అంది వీబ్కె. "మిమోజా డెబ్భై దాకా ఆడింది ఊవె."

"ఆడి ఏమైంది? అదిగో, చచ్చాక కూడా ఆగలేక ఇంటి పైకప్పు మీద..."

అతను మాట మింగేశాడు. వీబ్కె మొహం చూసి.

ఆ మొహంలో ఏముందో నేను చెబుతాను వినండి. ఇన్ని రోజులూ అందరూ మిమోజాకి భయపడుతున్నారు. వీబ్కె మిమోజాకి భయపడటం లేదు. పైన నడుస్తున్నది రేపటి తనే అని భయపడుతోంది. పేరు తెలియని పలక, తప్పిన గుమ్మం, ఎవరూ తినని కేకు.

"నా మాట వినవే కోడలా," కేటెమ్మ గొంతు తగ్గించింది. "ఆవిడకి కావలసింది ఓ జత జోళ్ళు. టీచరమ్మ గొయ్యి తవ్వించలేం. నీవి ఇచ్చెయ్. ఈయన తీసుకెళ్ళి అక్క పక్కన మట్టిలో పెడతాడు. నీ జోళ్ళు వెళ్ళాయంటే పద్ధతి ప్రకారం నీ ఆటా అయిపోయినట్టే. ఆవిడకి శాంతి, వీడికి శాంతి, నీ మోకాలికి శాంతి. ఒకే దెబ్బకి మూడు పిట్టలు."

"నా పిట్ట ఏది అత్తా అందులో?"

కేటెమ్మ మూడో ముక్క అందుకుంటుండగా పైన మళ్ళీ మొదలైంది.

ఈసారి నడక కాదు. తప్ తప్ తప్ తప్. ఆగింది. జర్రున ఒక తిప్పు. మళ్ళీ తప్ తప్ తప్ తప్. దీపం గొలుసు ఊగింది. కాఫీలో వలయాలు లేచాయి.

వీబ్కె తలెత్తింది. ఆ అడుగులు ఆమెకి తెలుసు. మిమోజా తెర తీయగానే వేసే మొదటి అడుగులవి. వాటికోసమే నావికులు సముద్రాలు దాటి వచ్చేవాళ్ళు.

"క్యాబేజీ," అన్నాడు హిన్రిక్.

"ఏంటి నాయనా?"

ఆయన లేచి నిలబడి ఉన్నాడు. డబ్బా మూత కిందపడి దొర్లింది. "క్యాబేజీ తొక్కుతోంది. పులబెట్టడానికి పీపాలో వేసి ఉప్పు జల్లి తొక్కేవాళ్ళం. చిన్నప్పుడు అక్కనే దింపేవాళ్ళు పీపాలోకి. నాలుగు తొక్కులు, ఒక తిప్పు. నాలుగు తొక్కులు, ఒక తిప్పు. ఒట్టి కాళ్ళతో. నేను పీపా అంచు పట్టుకుని చూసేవాణ్ణి." ఆయన చెయ్యి గాలిలో ఏదో అంచు పట్టుకున్నట్టు బిగుసుకుంది. "బయటికి వచ్చేసరికి పాదాలు మంచుగడ్డల్లా ఉండేవి. నా ఒళ్ళో పెట్టి రుద్దమనేది. జన్మంతా అక్క పాదాలు చల్లగానే ఉండేవమ్మా."

నావికులు సముద్రాలు దాటి వచ్చి చూసింది క్యాబేజీ పచ్చడి తొక్కడమా! వేరే రోజైతే వీబ్కె పడీ పడీ నవ్వేది.

"ఏదో ఒక జత," అన్నాడు హిన్రిక్. "ఎవరివైనా సరే. ఉత్త కాళ్ళతో మట్టిలో ఉందంటే నాకు నిద్ర రాదు."

వీబ్కె లోపలికి వెళ్ళింది. ఊవె లేవబోయాడు. కేటెమ్మ అతని చొక్కా పట్టుకుని కూర్చోబెట్టింది.

ఆమె తెచ్చిన జోళ్ళు వెండి రంగువి. మడమల దగ్గర రంగు పోయి లోపలి చెక్క కనిపిస్తోంది. ఎడమదాని లోపల, బొటనవేలు ఒరుసుకోకుండా దూదిముక్క. దూది తీయబోయి, తీయకుండా అలాగే డబ్బాలో కేకు ముక్కల పక్కన పెట్టింది.

ఊవె మొహం విప్పారింది. "మంచి పని చేశావు వీబ్కె. ఇక రేపు వెళ్ళక్కర్లేదు."

ఆమె కిందపడిన మూత తీసింది.

మూత పెట్టగానే పైన అడుగులు ఆగిపోయాయి. కేటెమ్మ గుండెల మీద శిలువ గుర్తు వేసుకుంది. "హమ్మయ్య."

తప్, అంది పైకప్పు.

మర్నాడు ఆదివారం. ఎల్బ మీద పొగమంచు గంజిలా గరిట జారుగా ఉంది. చేపల సంతలో అమ్మేవాడికి కొనేవాడు కనబడక, ఒకడు తన చేపలు తనే బేరమాడి కొనుక్కున్నాడు. సంత ముగియగానే బేరగాళ్ళంతా రబ్బరు ఏప్రాన్లతోనే, ఉప్పు కంపుతోనే గుడ్డి పీతలో దూరతారు. ఆదివారం పొద్దుటి ఆట వాళ్ళకోసమే.

మేకప్ గదిలో అద్దాలన్నిటికీ గుడ్డలు కప్పి ఉన్నాయి. ఆ చప్పుడు అక్కడికీ వచ్చిందట. అద్దం లేకుండా, ఒకరి మొహం ఒకరు చూడకుండా, గోడకేసి తిరిగి చేత్తో తడుముకుంటూ రంగేసుకుంటున్నారు పాపం. ఒకామె లిప్‌స్టిక్ చెవిదాకా వెళ్ళింది. ఇంకొకామె రెండు కనుబొమ్మలూ ఒకే వైపు దిద్దుకుంది.

వీబ్కె వచ్చింది. ఉత్త మొహం. ఉత్త కాళ్ళు. అందరూ గోడకి ఇంకా దగ్గరగా జరిగారు.

ఆమె తన స్టూలు మీద కూర్చుంది. పక్క స్టూలు మిమోజాది. దాని మీద ఎవరూ కూర్చోరు. కూర్చోవాలని కూడా ఎవరికీ అనిపించలేదు ఆ పొద్దున, ఎందుకంటే దాని దిండు మధ్యలో గుంట పడి ఉంది. ఎవరో అప్పుడే లేచినట్టు కాదు. ఎవరో కూర్చుని ఉన్నట్టు.

వీబ్కె రంగు డబ్బా తెరిచింది. మళ్ళీ మూసేసింది. పక్కనుంచి సన్నగా చలి వచ్చి ఆమె చీలమండకి తగిలింది. తెరిచిన నేలమాళిగ తలుపు దగ్గర నిలబడ్డట్టు. ఆమె కాలు వెనక్కి తీసుకోలేదు.

"అక్కా." కొత్తపిల్ల ఫెన్యా గొంతు. వీబ్కె వంతు వెళ్ళబోయేది ఆ పిల్లకే. గోడకేసి నిలబడాల్సిన పిల్ల ఇటు తిరిగి, వీబ్కె రంగు లేని మొహంకేసి సూటిగా చూస్తోంది. గుడ్డి పీతలో అలా చూసినవాళ్ళు లేరు.

"పద్ధతి తెలీదా పిల్లా?"

"తెలుసు. నీకెన్నేళ్ళక్కా?"

"నలభై ఆరు."

"నాకు ఇరవై నాలుగు," అంది ఫెన్యా. కళ్ళు తుడుచుకుంది, నల్లరంగు బుగ్గ మీదికి జారింది. "పంతొమ్మిదని చెప్పమన్నాడు యోర్న్. ఇరవై నాలుగంటే ఎక్కువట. నేను మూణ్ణెల్ల కిందే వచ్చానక్కా. అప్పుడే ఎక్కువైపోయానా?"

గోడకేసి నిలబడ్డవాళ్ళలో ఎవరో ముక్కు ఎగబీల్చారు.

వీబ్కె ఏదో అనబోయింది. తలుపు తెరుచుకుని యోర్న్ తల లోపలికి వచ్చింది. నూనె రాసి దువ్విన తల. "జోరా, సిద్ధమేనా? ఇదేంటి ఈ అవతారం? జోళ్ళేవీ?"

"మిమోజాకి ఇచ్చేశాను."

యోర్న్‌కి ఓ క్షణం అర్థం కాలేదు. అర్థమయ్యాక మొహం నిండా పళ్ళే. "అయితే ఇంకేం! నా పని తేలికైంది. జోళ్ళు వెళ్ళాయంటే ఆట అయిపోయినట్టే. మీ పద్ధతే కదా, నేను పెట్టింది కాదు. వెళ్ళు, కోట్ల కిటికీ దగ్గర కూర్చో. ఫెన్యా, పద."

ఫెన్యా కదల్లేదు.

వీబ్కె లేచింది. మోకాలు కీచుమంది. ఆ నిశ్శబ్దంలో అందరికీ వినబడింది.

"జోళ్ళు ఇచ్చాను యోర్న్. కాళ్ళు ఇవ్వలేదు."

"అంటే?"

"పద్ధతి జోళ్ళ గురించే చెప్పింది. అడ్డం తప్పుకో."

"ఒట్టి కాళ్ళతోనా? ఆ మొహంతోనా? జనం నవ్వుతారు జోరా!"

"నవ్వితే నవ్వనీ. క్రిస్మస్‌కి ఊరెళ్ళలేక మోకాళ్ళ నొప్పులని చెప్పుకోవడం కంటే నయం."

ఆ మాట యోర్న్‌కి అర్థం కాలేదు. ఆలోచించేలోగా ఆమె అతని చంక కిందనుంచి దూరి వెళ్ళిపోయింది.

వేదిక చెక్కలు మంచుగడ్డల్లా ఉన్నాయి. దీపం కళ్ళలో పడింది. ముందు వరసలో హిన్రిక్, ఒళ్ళో డబ్బాతో. ఆట కాగానే శ్మశానానికి వెళదామని తెల్లారేసరికే వచ్చాడు. ఆయన పక్కన పొగబెట్టిన పాముచేపలు అమ్మే బేరగాడు, మెడలో చేపల దండతో. వెనక గుమ్మం దగ్గర టగ్గు పడవ టోపీ. ఊవె. లోపలికి రాలేదు, బయటికి పోలేదు. వాకిలి మొత్తం అతనే. గాలి కూడా అతన్ని అడిగి రావాలి.

జనం ఆమె పాదాలకేసి చూశారు. తర్వాత మొహంకేసి. అక్కడక్కడ ఈల, నవ్వు.

"నా పేరు వీబ్కె," అంది ఆమె. "నలభై ఆరేళ్ళు."

నవ్వు ఆగింది. ఊవె టోపీ తీసి ఛాతీకి ఆనించుకున్నాడు. మర్యాదకో, గుండె పట్టుకున్నాడో తెలియదు.

అకార్డియన్ వాయించే ఆయన జోరా పాట ఎత్తుకోబోయాడు. వీబ్కె వద్దని తల ఊపింది. కాలు ఎత్తింది. పాట లేకుండానే, నాలుగు తొక్కులు, ఒక తిప్పు.

తప్ తప్ తప్ తప్.

ముందు వరసలో హిన్రిక్ చెయ్యి గాలిలో పీపా అంచు పట్టుకుంది.

మళ్ళీ నాలుగు. ఈసారి ఆమె అడుగు నేల తాకాక, కనురెప్ప వేసినంత ఆలస్యంగా, వెనకనుంచి ఇంకో అడుగు.

తప్‌తప్. తప్‌తప్. తప్‌తప్.

వీబ్కె వెన్ను మీద చలి పాకింది. తిరిగి చూడలేదు. చూస్తే ఆగిపోతుందని భయమో, ఆగకపోతే ఎలాగన్న భయమో. వెనకనుంచి మిమోజా పౌడరు వాసన, దాని కింద సన్నగా, పుల్లగా, ఉప్పుగా, పీపా వాసన. అడుగు ఆమెదో తనదో తేడా తెలియకుండా పోతోంది. మోకాలు కీచుమంటోంది. కీచుమనే మోకాళ్ళు ఇప్పుడు రెండు.

కుడిచేతి తొడుగు లాగి, చూడకుండా, భుజం మీదుగా వెనక్కి విసిరింది.

అది నేల మీద పడిన చప్పుడు రాలేదు.

అకార్డియన్ ఆయన వేళ్ళు బిగుసుకుపోయాయి. తెర పక్కన నిలబడ్డ యోర్న్ నోరు తెరిచింది తెరిచినట్టే ఉంది, అందులో పిచ్చుక గూడు కట్టుకోవచ్చు. అతని భుజం వెనక ఫెన్యా, ఆమె వెనక మిగతా ఆడవాళ్ళు, వంకర కనుబొమ్మలతో, ఒక్కరూ గోడకేసి తిరగకుండా. ఊవె ఒక అడుగు లోపలికి వేశాడు. అతని చూపు వీబ్కె మీద లేదు. ఆమె భుజం మీదుగా వెనక్కి ఉంది.

గుడ్డి పీతలో ఊపిరి తీసిన వాడు లేడు.

అప్పుడు పాముచేపల బేరగాడు మెడలోంచి దండ తీసి, ముందుకి వంగి, వేదిక చెక్క మీద చేత్తో తట్టాడు.

"ముందున్నావిడ సరే, వయసులో ఉంది, తట్టుకుంటుంది. వెనకాల పెద్దావిడ జోళ్ళు ఏ వెధవ ఎత్తుకుపోయాడ్రా? నేల జిల్లుమంటోంది, జలుబు చేయదూ! అమ్మా, కాస్త ఆగు, లావుపాటి పాముచేపలు రెండున్నాయి, పొద్దున్నే పొగబెట్టినవి, ఇంకా వెచ్చగా ఉన్నాయి. ఇలా రా, పాదాలకి చుట్టేస్తాను."